రెండు తెరలు, రెండు ఎఫెక్టులు, ఒకటే కెమెరా: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, బరంపురం వైపు స్కూలు వార్షికోత్సవాలకీ, నాటకాలకీ, దసరా స్టేజీలకీ తెర కట్టి బొమ్మ వేసే పని నాది. ఒక తెర ఉన్నంతకాలం నన్నెవరూ ఏమీ అడగలేదు. రెండో తెర వచ్చాక ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, ఎడమ తెర మామూలుగా ఉండాలి, కుడి తెర ఎర్రగా మారాలి, ఎలా చేస్తావు?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే అందరూ అడిగేవి ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు రెండు తెరల మీద వేరువేరు ఎఫెక్టులు ఎందుకు? రెండింటి మీదా ఒకటే వేస్తే పోదా?

చాలాసార్లు పోతుంది. సన్మాన సభకీ పెళ్ళి రిసెప్షన్‌కీ రెండు పక్కలా ఒకే బొమ్మ చాలు. అనవసరంగా తలనొప్పి తెచ్చుకోకండి.

నాటకం అయితే కథ వేరు. గంజాం వైపు ప్రహ్లాద నాటకం చూసినవాళ్ళకి తెలుసు. వేదిక మీద మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తయిన చెక్క సింహాసనం ఉంటుంది. హిరణ్యకశిపుడు ఆ మెట్ల మీద అడుగులేస్తూ దిగుతుంటే చెక్క దడదడలాడుతుంది. ముందు వరసలో ఉన్నవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. వెనక ఉన్నవాళ్ళకి కిరీటం మాత్రం కనిపిస్తుంది. వాళ్ళ కోసం ఎడమ తెర మీద రాజు ముఖం ఉన్నది ఉన్నట్టు దగ్గరగా చూపిస్తాం. కుడి తెర మీద అదే ముఖాన్ని రంగు తీసేసి, నల్లటి నీడలు బాగా పెంచి చూపిస్తాం. ఒక తెర ఆయన్ని చూపిస్తుంది, రెండోది ఆయన కోపాన్ని చూపిస్తుంది. అలాంటి పని ఉన్నప్పుడే రెండు ఎఫెక్టులు పెట్టుకోండి.

ఏం సామాను కావాలి?

ఒక కెమెరా, దాన్ని లాప్‌టాప్‌కి కలిపే క్యాప్చర్ కార్డు, రెండు ప్రొజెక్టర్లు, రెండు వేరువేరు డిస్‌ప్లే అవుట్‌పుట్లు ఉన్న లాప్‌టాప్. ఆ చివరి ముక్క దగ్గరే నూటికి తొంభై మంది ఆగిపోతారు.

లాప్‌టాప్‌కి స్ప్లిటర్ పెట్టి రెండు ప్రొజెక్టర్లు కలిపాం. రెండింటి మీదా ఒకటే వస్తోంది. సెట్టింగ్ ఎక్కడ?

సెట్టింగ్ లేదు. హెచ్‌డీఎమ్‌ఐ స్ప్లిటర్ పనే అది, వచ్చిన ఒక్క బొమ్మకి నకలు తీయడం. లాప్‌టాప్‌కి అక్కడ ఒక్క తెరే కనిపిస్తుంది కాబట్టి ఎంత వెతికినా రెండోది దొరకదు.

మీకు కావలసింది రెండు అవుట్‌పుట్లు. లాప్‌టాప్‌కి ఒక హెచ్‌డీఎమ్‌ఐ, ఒక టైప్-సి ఉన్నాయనుకోండి. ఆ టైప్-సి లోంచి వీడియో వచ్చే రకమైతే ఒక మామూలు అడాప్టర్‌తో పని అయిపోతుంది. అన్ని టైప్-సి పోర్టుల్లోంచీ వీడియో రాదు, కొన్ని ఛార్జింగుకీ డేటాకీ మాత్రమే. కొనే ముందు లాప్‌టాప్ మోడల్ పేరు కొట్టి చూసుకోండి. రెండూ కలిపాక విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. డూప్లికేట్‌లో ఉంచితే మళ్ళీ కథ మొదటికే.

స్ప్లిటర్‌ని పారేయకండి. దాని పని ఇంకోచోట ఉంది, కింద చెప్తాను.

యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ ఇచ్చే చవక అడాప్టర్ వాడొచ్చా?

మామూలు యూఎస్‌బీ పోర్టుకి పెట్టే అడాప్టర్లలో చాలావరకు బొమ్మని కుదించి యూఎస్‌బీ గుండా పంపి, అవతల మళ్ళీ విప్పుతాయి. ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. స్లైడ్ షోకి బాగానే ఉంటుంది. కదిలే బొమ్మకి, అందులోనూ ఎఫెక్టు వేసిన లైవ్ బొమ్మకి, ఆ తెర కాస్త వెనకబడుతుంది. పక్కపక్కనే రెండు తెరలు ఉన్నప్పుడు ఆ తేడా చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. తప్పనిసరైతే కదలిక తక్కువ ఉన్న తెరని దానికివ్వండి.

మ్యాక్‌బుక్ ఉంది, సరిపోతుందా?

ఎమ్1, ఎమ్2 చిప్‌లలో ప్రో, మ్యాక్స్ కాని మామూలు రకం ఉన్న మ్యాక్‌బుక్ అయితే బయటికి ఒక్క డిస్‌ప్లేయే ఇస్తుంది. మామూలు అడాప్టర్ మారిస్తే రెండోది రాదు. ప్రో, మ్యాక్స్ చిప్‌లకి ఆ గొడవ లేదు. ఒకే టైప్-సి హబ్బులో రెండు హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్లు ఉన్నవి కొందరి దగ్గర ఉంటాయి. విండోస్‌లో రెండు తెరలుగా పనిచేసిన ఆ హబ్బే మ్యాక్‌కి తగిలిస్తే రెండు చోట్లా ఒకే బొమ్మ వస్తుంది. అది హబ్బు తప్పు కాదు, ఆ పద్ధతిని మ్యాక్ ఒప్పుకోదు.

డబ్బు పెట్టకుండా ఏ సాఫ్ట్‌వేర్‌తో చెయ్యొచ్చు?

ఓబీఎస్ స్టూడియో. ఉచితం. దాన్ని లైవ్ స్ట్రీమింగుకే అనుకుంటారు గానీ, తెరల పనికి కూడా బ్రహ్మాండంగా పనికొస్తుంది. స్ట్రీమింగ్ బటన్ గానీ రికార్డింగ్ బటన్ గానీ నొక్కక్కర్లేదు. ఇంటర్నెట్టూ అక్కర్లేదు.

ఓబీఎస్‌లో సీన్ అంటే కెమెరా, బొమ్మ, అక్షరాలు లాంటి సోర్సుల్ని పేర్చి పెట్టుకున్న ఒక అమరిక. ఆ సీన్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్ అనే లైన్ కనిపిస్తుంది. వెర్షన్‌ని బట్టి ఆ మాట కాస్త అటూఇటూగా ఉంటుంది. అందులో ఏ డిస్‌ప్లే మీద వెయ్యాలో ఎంచుకోవచ్చు. ఒక సీన్‌ని ఒక ప్రొజెక్టర్ మీద, ఇంకో సీన్‌ని ఇంకో ప్రొజెక్టర్ మీద వేసేస్తే అవి అక్కడే నిలబడిపోతాయి. తర్వాత మీరు మెయిన్ విండోలో ఏ సీన్ నొక్కినా ఆ తెరలు మారవు. కొత్తవాళ్ళు ఇక్కడ ఒక తప్పు చేస్తారు. సీన్‌కి బదులు ప్రోగ్రామ్ లేదా ప్రివ్యూ ప్రొజెక్టర్ తెరిచేస్తారు. అప్పుడు మీరు నొక్కినదల్లా తెర మీదకి వెళ్ళిపోతుంది.

ఓబీఎస్‌లో కుడి తెర సీన్‌లో కెమెరాకి ఎఫెక్టు పెడితే ఎడమ తెర కూడా మారిపోతోంది. ఎందుకు?

ఈ పేజీ రాయడానికి కారణమే ఈ ప్రశ్న. కొంచెం నిదానంగా చదవండి.

నాకు ఇది ఒక స్కూలు వార్షికోత్సవం రోజు తెలిసొచ్చింది. పిల్లల నాటకంలో నరసింహుడు స్తంభం చీల్చుకుని రావాలి. ఆ క్షణంలో కుడి తెర ఎర్రగా మారాలి. ఇంట్లో ఒక్క మానిటర్ మీద చూసుకుని అంతా సరిగ్గా ఉందనుకున్నాను. అక్కడ బటన్ నొక్కగానే రెండు తెరలూ ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే కెమెరా పట్టుకున్న కుర్రాడు ముందు వరసలో కూచున్న ముఖ్య అతిథి వైపు తిప్పాడు. పెద్దాయన ముఖం రెండు పక్కలా కుంకంలో ముంచినట్టు వచ్చింది. జనం నవ్వారు, ఆయన నవ్వలేదు.

కారణం ఏమిటంటే, ఓబీఎస్‌లో ఒక కెమెరాని రెండు సీన్లలో పెడితే అవి రెండు కెమెరాలు కావు. ఒకే కెమెరాకి రెండు కిటికీలు. ఫిల్టర్‌ని, అంటే ఎఫెక్టుని, కెమెరాకి తగిలిస్తే ఏ కిటికీలోంచి చూసినా ఎర్రగానే కనిపిస్తుంది. పోనీ అదే కెమెరాని రెండోసారి కొత్తగా చేర్చుదామా అంటే, చాలా వెబ్‌క్యామ్‌లూ క్యాప్చర్ కార్డులూ ఒకసారి ఒకరికే దొరుకుతాయి. రెండోది నల్లగా కూర్చుంటుంది.

కాబట్టి కెమెరాకి ఏ ఫిల్టరూ పెట్టకండి. సీన్‌కి పెట్టండి. ఓబీఎస్‌లో సీన్‌కి కూడా ఫిల్టర్లు పెట్టుకోవచ్చు, సీన్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే ఫిల్టర్స్ అని ఉంటుంది. నేను కట్టే పద్ధతి ఇది:

మొదట "పచ్చి కెమెరా" అని ఒక సీన్. అందులో కెమెరా తప్ప ఇంకేమీ ఉండదు, ఫిల్టర్ అసలే ఉండదు.

తర్వాత "ఎరుపు" అని ఇంకో సీన్. అందులో సోర్స్‌గా "పచ్చి కెమెరా" సీన్‌నే చేరుస్తాను. సీన్‌లో సీన్ పెట్టుకోవచ్చు. కలర్ కరెక్షన్ ఫిల్టర్ ఈ "ఎరుపు" సీన్‌కి పెడతాను. అలాగే "నలుపు తెలుపు" అని ఒకటి, దాని సీన్‌కి సాచురేషన్ (రంగు గాఢత) పూర్తిగా తగ్గించిన ఫిల్టర్.

ఆఖరున "ఎడమ తెర", "కుడి తెర" అని రెండు సీన్లు. ప్రొజెక్టర్లకి పంపేది ఈ రెండింటినే. "కుడి తెర"లో అడుగున పచ్చి కెమెరా, దాని మీద నలుపు తెలుపు, దాని మీద ఎరుపు, అన్నిటికంటే పైన అక్షరాలు. పొరలు పొరలుగా, కాజాలాగ. కంటి గుర్తు నొక్కి ఏ పొర కావాలంటే అది తెరుస్తాను, మూస్తాను. అక్షరాలు పైన ఉన్నాయి కాబట్టి వాటికి రంగు అంటదు.

మొదటిసారి అరగంట పడుతుంది. ఆ తర్వాత ఆ సీన్ కలెక్షన్‌ని కాపీ చేసుకుని ప్రతి ప్రోగ్రామ్‌కీ వాడుకోవడమే.

ప్రోగ్రామ్ నడుస్తుండగా మౌస్‌తో వెతుక్కోకుండా ఎఫెక్టు ఎలా మార్చాలి?

సెట్టింగ్స్‌లో హాట్‌కీస్‌కి వెళ్తే ప్రతి సీన్ కిందా దానిలోని ఒక్కో పొరకీ చూపించు, దాచు అని రెండు వరసలు ఉంటాయి. రెండింటికీ ఒకే కీ ఇస్తే ఒకసారి నొక్కితే వస్తుంది, ఇంకోసారి నొక్కితే పోతుంది. నేను విడిగా దొరికే నంబర్ల కీప్యాడ్ ఒకటి యూఎస్‌బీకి తగిలించుకుంటాను. 1, 4, 7 ఎడమ తెరకి, 3, 6, 9 కుడి తెరకి. చీకట్లో కూడా వేలు తప్పదు. ఒక ముక్క రంగు టేపు 5 మీద అంటించాను, అది అన్ని ఎఫెక్టులూ ఆపేసే కీ. అన్ని పొరల "దాచు" వరసల్లోనూ ఆ 5 కూడా చేర్చి పెట్టాను.

పొర మీద రైట్ క్లిక్ చేస్తే షో ట్రాన్సిషన్, హైడ్ ట్రాన్సిషన్ ఉంటాయి. అక్కడ ఫేడ్ పెట్టి 500 నుంచి 800 మిల్లీసెకన్లు ఇవ్వండి. రంగు టప్పున మారితే కరెంటు పోయి వచ్చినట్టు ఉంటుంది, మెల్లగా ఎక్కితే నాటకంలో భాగంలా ఉంటుంది.

ఓబీఎస్‌లో ఏ ఎఫెక్టులు వస్తాయి?

రంగు మార్చడం, ఒక రంగుని మాయం చేయడం, అంచులు కత్తిరించడం, మాస్క్ వేయడం, బొమ్మని పక్కకి జరుపుతూ ఉండటం, పదును పెంచడం ఉంటాయి. లట్ ఫైలు, అంటే ఏ రంగు ఏ రంగుగా మారాలో చెప్పే ఫైలు, పెట్టి పాత సినిమా రంగు తెప్పించుకోవచ్చు. మసకబార్చే బ్లర్ దానితో పాటు రాదు, విడిగా ప్లగిన్ వేసుకోవాలి. ప్లగిన్ వేస్తే ప్రోగ్రామ్‌కి వారం ముందే వేయండి, ముందు రోజు రాత్రి కాదు.

తెలుగు అక్షరాలు తెర మీద ముక్కలై వస్తున్నాయి. ఒడియా కూడా అంతే.

ఒత్తులు పక్కకి జారిపోవడం, గుణింతం విడిపోవడం, అదేగా? సరిహద్దులో పని చేసేవాళ్ళకి ఇది రోజూ ఉండే బాధ. మా దగ్గర సగం ప్రోగ్రాములకి ఎడమ తెర మీద తెలుగు, కుడి తెర మీద ఒడియా వెయ్యాలి. ఒకటి సరిగ్గా ఉండి ఇంకోటి విరిగిందంటే, విరిగిన భాషవాళ్ళు ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా.

ఓబీఎస్‌లో టెక్స్ట్ చేర్చే సోర్సులు రెండు రకాలు. పేరులో ఫ్రీటైప్ అని ఉన్నది అక్షరాలని ఒక్కొక్కటిగా పేర్చుతుంది. ఇంగ్లీషుకి అది చాలు, మన లిపులకి చాలదు. విండోస్‌లో జీడీఐ అని ఉన్న రకం వాడి, ఫాంటు నిర్మల యూఐ పెట్టండి. అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. ఇంకా అందంగా కావాలంటే బ్రౌజర్ సోర్స్ పెట్టి ఒక చిన్న హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలో రాయండి. బ్రౌజర్‌లో మన లిపులు విరగవు, నోటో ఫాంట్లు పెట్టుకోవచ్చు. ఏదీ కుదరకపోతే వేరే చోట అక్షరాలు రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచి తెచ్చుకోండి. బొమ్మ విరగదు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఈ లెక్కన రెండు తెరల ప్రోగ్రామ్ చేశాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మాది, ఆయన సవర భాష నేర్చుకున్నదీ ఇక్కడే. ఒక తెర మీద ఆయన ఫొటో, ఏ ఎఫెక్టూ లేకుండా. రెండో తెర మీద, వేదిక మీద చదువుతున్న పిల్లల లైవ్ బొమ్మని పాత ఫొటో రంగులోకి మార్చి వేశాం. 1863లో పుట్టిన మనిషి పక్కన ఈనాటి పిల్లలు కూడా పాత ఫొటోలోంచి తొంగి చూస్తున్నట్టు వచ్చింది. ఎఫెక్టు అంటే గింగిరాలు తిరగడమే కాదు మరి.

డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్‌కి ఎప్పుడు వెళ్ళాలి?

పాట తాళానికి బొమ్మ కదలాలన్నా, నిమిషానికో ఎఫెక్టు మార్చాలన్నా, తెర బదులు గోడ మీదో స్తంభం మీదో ఆకారానికి తగ్గట్టు బొమ్మ వెయ్యాలన్నా. అప్పుడు రిజల్యూమ్ అరీనా చూడండి. విండోస్‌కీ మ్యాక్‌కీ ఉంది. కొనకముందు వాడి చూడొచ్చు, కాకపోతే తెర మీద వాళ్ళ గుర్తు పడుతుంది. అడ్వాన్స్‌డ్ అవుట్‌పుట్‌లో ఒక్కో తెరకీ ఏ లేయర్ వెళ్ళాలో, ఏ గ్రూప్ వెళ్ళాలో చెప్పొచ్చు. కెమెరాని రెండు లేయర్లలో పెట్టి, ఒక్కోదానికి ఒక్కో ఎఫెక్టు వేసి, ఒక్కోదాన్ని ఒక్కో తెరకి పంపడమే. ఇక్కడా అదే ఉచ్చు ఉంది. ఎఫెక్టుని లేయర్‌కి కాకుండా, అన్ని లేయర్లూ కలిసిన కంపోజిషన్‌కి వేస్తే రెండు తెరలూ మారతాయి.

టచ్‌డిజైనర్ అని ఇంకోటి ఉంది. కుర్రాళ్ళకి భలే నచ్చుతుంది. డబ్బు తీసుకోని పనులకి ఉచితం, కాకపోతే 1280 బై 1280 దాటి బొమ్మ రాదు. అది నేర్చుకోవాలంటే నెలలు కావాలి. ప్రోగ్రామ్ ఎల్లుండి అయితే దాని జోలికి పోకండి.

ఒక లాప్‌టాప్‌కి రెండు అవుట్‌పుట్లు లేవు, పాత లాప్‌టాప్ ఇంకోటి ఉంది. కుదురుతుందా?

బాగా కుదురుతుంది. పైన స్ప్లిటర్ దాచమన్నది ఇందుకే. దాన్ని లాప్‌టాప్ తర్వాత కాదు, కెమెరా తర్వాత పెట్టండి. కెమెరా బొమ్మ రెండు నకళ్ళై, రెండు క్యాప్చర్ కార్డుల గుండా రెండు లాప్‌టాప్‌లకి వెళ్తుంది. ఎవరి ఎఫెక్టు వాళ్ళది, ఎవరి తెర వాళ్ళది. ఒక లాప్‌టాప్ హ్యాంగ్ అయినా రెండో తెర బతికే ఉంటుంది. ఇద్దరు మనుషులు కావాలి, అదొక్కటే ఇబ్బంది. మా ఇంట్లో అయితే రెండో లాప్‌టాప్ మా మేనల్లుడిది. "మావయ్యా, ఇప్పుడా?" అని ప్రతి సీన్‌కీ అడుగుతాడు, కానీ నొక్కేది మాత్రం సరిగ్గా నొక్కుతాడు.

తెర మీద పెదాలు ఆలస్యంగా కదులుతున్నాయి. ఏం చెయ్యాలి?

కెమెరా, క్యాప్చర్ కార్డు, లాప్‌టాప్, ప్రొజెక్టర్, ఒక్కోటి ఒకటో రెండో ఫ్రేములు తినేస్తుంది. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోటి దాదాపు 17 మిల్లీసెకన్లు. ఆరేడు కలిసేసరికి 100 దాటుతుంది. మాట మాత్రం మైకులోంచి నేరుగా స్పీకర్‌కి వెళ్ళిపోతుంది.

ప్రొజెక్టర్‌లో గేమ్ మోడ్ ఉంటే అది పెట్టండి. కీస్టోన్‌తో బొమ్మ నలుచదరం చేస్తే కొన్ని ప్రొజెక్టర్లు ఇంకాస్త ఆలస్యం చేస్తాయి, అందుకని స్టాండునే సరిగ్గా నిలబెట్టండి. రెండు ప్రొజెక్టర్లూ వేరే కంపెనీలవైతే రెండింటి ఆలస్యమూ వేరుగా ఉంటుంది. అప్పుడు త్వరగా వచ్చే తెర సీన్‌కి రెండర్ డిలే ఫిల్టర్ పెట్టి దాన్ని వెనక్కి లాగాలి.

ఒక తమాషా ఏమిటంటే, శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే పోతుంది. వేదిక దగ్గరే స్పీకర్లు ఉన్న పెద్ద మైదానంలో 34 మీటర్ల వెనక కూచున్నవాళ్ళకి మాటే 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వాళ్ళకి తెరా మాటా కలిసిపోతాయి. కంప్లయింట్లన్నీ సోఫాల్లో కూచున్నవాళ్ళ నుంచే వస్తాయి.

తెరలో తెర, దానిలో తెర, సొరంగంలా పోతోంది.

కెమెరాకి తెర కనిపిస్తోంది. కెమెరాని పక్కకి జరపండి, లేదా తెరల్ని వేదిక అంచుల బయటికి తియ్యండి. కావాలని చేస్తే అదే మంచి ఎఫెక్టు. ఒక్క తెరని మాత్రమే కెమెరాకి చూపించి, ఆ తెర రంగు కొంచెం మారిస్తే లోపలికి పోయే కొద్దీ రంగు ముదిరిపోతూ ఉంటుంది. హిరణ్యకశిపుడి సభకి ఒకసారి వాడాం.

కెమెరా బొమ్మలో చారలు పరిగెడుతున్నాయి. ఎఫెక్టు వేస్తే ఇంకా ఎక్కువ కనిపిస్తున్నాయి.

మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరా షట్టర్‌ని 50వ వంతు సెకనుకో, 100వ వంతుకో పెట్టండి. కెమెరా మెనూలో 60 హెర్ట్జ్ అని ఉంటే 50కి మార్చండి. చవక ఎల్‌ఈడీ సీరియల్ బల్బులు అప్పటికీ లొంగకపోతే ఆ లైన్ ఆపించండి. డెకరేషన్ వాళ్ళతో ముందే మంచిగా మాట్లాడి పెట్టుకోండి, మధ్యలో చెప్తే వినరు.

ఒక తెర వెలుగ్గా, ఒకటి డల్‌గా ఉంది. ఒకదానికి పైనా కిందా నల్ల పట్టీలు కూడా.

అద్దె ప్రొజెక్టర్లంటే అంతే, ఒకటి శ్రీకాకుళం నుంచి వస్తుంది, ఇంకోటి బరంపురం నుంచి. డల్‌గా ఉన్నదాన్ని దగ్గరికి జరిపి బొమ్మ చిన్నది చేయండి. తెర వెడల్పు, ఎత్తు రెట్టింపు చేస్తే అదే వెలుగు నాలుగింతల చోటుకి పరుచుకుంటుంది, అంటే నాలుగో వంతు అవుతుంది. దూరం లెక్క సులువు. ప్రొజెక్టర్ మీద త్రో రేషియో (తెర వెడల్పుకి ఎన్నింతల దూరం కావాలో చెప్పే అంకె) 1.5 అని ఉంటే 8 అడుగుల వెడల్పు తెరకి 12 అడుగుల వెనక పెట్టాలి.

డల్ ప్రొజెక్టర్‌కి చీకటి ఎఫెక్టులు ఇవ్వకండి. నలుపు తెలుపు, నీడలు వెలుగున్న దానికి. లేత రంగులు, అక్షరాలు రెండోదానికి.

నల్ల పట్టీల సంగతి: ఓబీఎస్‌లో అన్ని సీన్లకీ ఒకటే కాన్వాస్ కొలత, అంటే బొమ్మ వెడల్పు, ఎత్తు. అది 1920 బై 1080 అయితే, 1024 బై 768 పాత ప్రొజెక్టర్ మీద పైనా కిందా పట్టీలు వస్తాయి. తెరని అంతమేరకే కట్టుకుంటే ఎవరికీ తెలియదు.

కరెంటు పోయి వచ్చాక ఎడమ బొమ్మ కుడికి, కుడిది ఎడమకి వెళ్ళిపోయింది!

ప్రొజెక్టర్ ఆరిపోగానే డిస్‌ప్లే ఊడిపోయిందని విండోస్ అనుకుంటుంది. మళ్ళీ వచ్చినప్పుడు వరస మారొచ్చు, ఓబీఎస్ ప్రొజెక్టర్ విండో ఇంకెక్కడో తెరుచుకోవచ్చు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ప్రొజెక్టర్లకి లేదు. ల్యాంప్ రకం ప్రొజెక్టర్ అయితే వేడి తగ్గేదాకా మళ్ళీ వెలగదు కూడా. ఆ రెండు మూడు నిమిషాలూ కమిటీవాళ్ళు మీ వైపే చూస్తుంటారు, టెన్షన్ పడకండి.

రెండు ప్రొజెక్టర్లకీ యూపీఎస్ పెట్టడం మొదటి మందు. జనరేటర్ అందుకునేదాకా నిలబడితే చాలు. రెండోది, హెచ్‌డీఎమ్‌ఐ ఇడిడ్ ఎమ్యులేటర్ అనే బొటనవేలంత ముక్క. లాప్‌టాప్‌కీ కేబుల్‌కీ మధ్య పెడితే, ప్రొజెక్టర్ ఆరినా అది ఉన్నట్టే లాప్‌టాప్‌ని నమ్మిస్తుంది. ఇది నా సంచీలో ఎప్పుడూ రెండు ఉంటాయి. మూడోది, బొమ్మలో "ఎడమ తెర" అని అక్షరాలు కనపడే సీన్ ఒకటి, "కుడి తెర" అని కనపడేది ఒకటి విడిగా తయారుగా పెట్టుకోండి. వెలగగానే అవి వేసి చూసి, సరిగ్గా ఉంటేనే బొమ్మ ఇవ్వండి.

కేబుల్ ఎంత దూరం లాగొచ్చు?

మామూలు హెచ్‌డీఎమ్‌ఐ 10 మీటర్లు దాటితే నమ్మకం లేదు. అంతకన్నా దూరానికి, నెట్‌వర్క్ కేబుల్ గుండా బొమ్మ పంపే క్యాట్ 6 ఎక్స్‌టెండర్ గానీ ఫైబర్ హెచ్‌డీఎమ్‌ఐ గానీ. ఫైబర్ కేబుల్‌కి ఒక చివర సోర్స్ అని, ఇంకో చివర డిస్‌ప్లే అని రాసి ఉంటుంది, తిరగేస్తే బొమ్మ రాదు. గొట్టంలో దూర్చి నేలలో పూడ్చాక తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు.

రెండు తెరలూ రికార్డు అవుతాయా?

కావు. ఓబీఎస్ రికార్డింగులో ప్రోగ్రామ్‌లో ఉన్న సీన్ ఒక్కటే పడుతుంది. ఫొటోగ్రాఫర్‌ని ఒకరిని వెనక నిలబెట్టి రెండు తెరలూ కనపడేలా తీయించండి, చూడ్డానికి అదే బాగుంటుంది.

వెయ్యకూడని ఎఫెక్టులు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. సెకనుకి మూడుసార్లకి మించి మెరిసేవి వెయ్యకండి. మెరుపులకి మూర్ఛ వచ్చే మనుషులు ఉంటారు, రెండు పక్కలా తెరలు ఉన్నప్పుడు వాళ్ళకి తల తిప్పుకునే చోటు కూడా ఉండదు.

దేవుడి ఉత్సవ విగ్రహం మీద, చనిపోయినవాళ్ళ ఫొటో మీద, వేదిక మీద మాట్లాడుతున్న పెద్దల మీద ఏదీ వెయ్యకండి. కెమెరా కుర్రాడికి ఒక మాట నేర్పండి. ఎఫెక్టు నడుస్తున్నంతసేపూ కెమెరాని జనం వైపు తిప్పకూడదని. నాకు ఎర్రటి ముఖ్య అతిథి నేర్పిన పాఠం అది.

ఆరుబయట తెరలు నిలబడతాయా?

గాలికి తెర అంటే తెరచాపే. తీరం నుంచి గాలి వీచే ఊళ్ళలో తెరకి కింద అంచు కూడా కట్టాలి, పైన ఒక్కటే చాలదు. బొమ్మ అలల్లా ఊగితే మీరు వేసిన ఎఫెక్టు ఏదో, గాలి వేసినది ఏదో తెలియదు. దసరా రోజులంటే అక్టోబరు, మనకి అది తుపాన్ల నెల. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చి ఈ జిల్లాల్ని ఊపేశాయి. ప్రొజెక్టర్ మీదకి టార్పాలిన్ సిద్ధంగా పెట్టుకోండి, కానీ గాలి బయటికి పోయే కన్నాలు మూయకండి. వాన చుక్క పడగానే ముందు ప్లగ్గు తీయండి, లెన్సు తర్వాత తుడుచుకోవచ్చు.

ప్రోగ్రామ్ రోజు ఎన్ని గంటలకి రావాలి?

వెలుగున్నప్పుడే. తెరలు, కేబుళ్ళు, స్టాండ్లు పొద్దు ఉండగా కట్టేయండి. రంగులు మాత్రం చీకటి పడ్డాకే సరిచూసుకోండి. సాయంత్రం అయిదింటికి బాగుందనుకున్న ఎరుపు ఏడింటికి రక్తంలా కనిపిస్తుంది. ఆ రెండు గంటల మధ్యలో టీ తాగి, 5 నంబరు కీ పనిచేస్తోందో లేదో ఇంకోసారి నొక్కి చూడండి.